తొలినాటి సైనిక విమాన రేడియో, మార్గదర్శక సాధనాలు

తొలినాటి సైనిక విమాన రేడియో, మార్గదర్శక సాధనాలు అనగా 1910 మొదలు రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 వరకు సైనిక విమానాలు నేలతోను, ఓడలతోను, తోటి విమానాలతోను సంభాషించడానికీ, ఆకాశంలో తమ స్థానాన్నీ దారినీ తెలుసుకోవడానికీ వాడిన పరికరాలు. వార్త పంపడం, దారి తెలుసుకోవడం మొదట్లో రెండు వేరు వేరు పనులు. ఒకే రేడియో రెండింటికీ పనికివస్తుందని గ్రహించడానికి కొన్నేళ్ళు, దానిని నమ్మదగిన సాధనంగా మలచడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. ఈ వ్యాసం ఆ పరిణామాన్ని గుంటూరు, ప్రకాశం మైదానాన్నీ దాని ఎదుట ఉన్న బంగాళాఖాత తీరాన్నీ ప్రధానంగా తీసుకొని వివరిస్తుంది. మద్రాసు, విశాఖపట్నం, హైదరాబాదుల నడుమ ఎగిరే విమానాలకు ఈ ప్రాంతం దారిలో ఉన్నది. 1942 ఏప్రిల్‌లో ఆంధ్ర తీరం మీద జరిగిన జపాను దాడి ఈ సాధనాల అవసరాన్నీ, అప్పటికి వాటిలో ఉన్న లోపాన్నీ చూపింది.

ప్రాంతం, పగటి గుర్తులు

పడమట నల్లమల కొండలకూ తూర్పున బంగాళాఖాతానికీ నడుమ, కృష్ణానదికి దక్షిణంగా పరచుకున్న ఈ నేలలో అధిక భాగం చదునైన నల్లరేగడి. నేడు పత్తికీ మిరపకూ పేరుపడినది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు ఇది గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలలో భాగంగా ఉండేది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

మద్రాసు నుండి విశాఖపట్నానికి ఆకాశమార్గాన దూరం సుమారు 600 కిలోమీటర్లు. పగటివేళ, మబ్బులేనప్పుడు ఈ దారి తప్పడం కష్టం. తీరానికి సమాంతరంగా ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి మీదుగా బెజవాడకు పోయే రైలుమార్గం, దాని పక్కనే కాలువ, ఆ తరువాత కృష్ణానది, ఆనకట్ట కనబడతాయి. లోపలి వైపున కొండవీడు, కోటప్పకొండ, మంగళగిరి కొండలు చదును నేలలో ఒంటరిగా లేచి దూరం నుండి గుర్తు పట్టడానికి వీలుగా ఉంటాయి. రైలుపట్టాలు చూసుకుంటూ ఎగరడం ఆ కాలపు విమాన చోదకులందరికీ అలవాటే. మాఘ, ఫాల్గుణ మాసాలలో కళ్ళాలలో ఆరబోసిన మిరప పైనుండి ఎర్రని చాపలా కనబడుతుంది. అయితే ఏటేటా చోటు మారే ఇటువంటి గుర్తులు పటానికి ఎక్కవు.

రాత్రివేళ గాని, వానాకాలపు మబ్బులో గాని ఈ గుర్తులన్నీ మాయమవుతాయి. అప్పుడు మిగిలేది లెక్క ఒక్కటే. దిక్సూచి చూపిన దిక్కు, విమాన వేగం, గడిచిన కాలం, గాలి వాలు తీసుకొని తాము ఎక్కడ ఉన్నదీ పటం మీద గుర్తించాలి. ఇందులో గాలి అంచనా తప్పితే మిగతా లెక్క ఎంత సరిగా ఉన్నా ఫలితం తప్పుతుంది. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో మద్రాసు నుండి విశాఖకు బయలుదేరిన విమానానికి రెండున్నర గంటలు పడుతుంది. అడ్డంగా వీచే గంటకు 30 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోకపోతే, గమ్యం చేరవలసిన వేళకు ఆ విమానం 75 కిలోమీటర్లు పక్కకు పోతుంది. ఒకవైపు అయితే అది నడిసముద్రం, రెండవవైపు అయితే తూర్పు కనుమలు.

నల్లరేగడిలో మరొక ఇబ్బంది కూడా ఉన్నది. ఎండాకాలంలో రాయివలె గట్టిపడి బీటలు వారే ఈ నేల వానకు ఉబ్బి బురదవుతుంది. గట్టి పునాది లేని మట్టిదారి మీద దిగిన విమానం చక్రాలు దిగబడి బోర్లా పడవచ్చు. కాబట్టి దారి తప్పిన విమానానికి కింద చదును నేల కనబడినంత మాత్రాన దిగే చోటు దొరికినట్లు కాదు. ఏ మైదానం ఆ రోజు దిగడానికి పనికివస్తుందో నేల నుండి ఎవరో చెప్పాలి.

స్పార్క్ ట్రాన్స్‌మిటర్ల కాలం

ఎగిరే విమానం నుండి మొదటి రేడియో వార్తను 1910 ఆగస్టు 27న జె.ఎ.డి. మెక్‌కర్డీ అమెరికాలో న్యూయార్కు సమీపాన పంపాడు. నాలుగేళ్ళ తరువాత మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఈ ప్రయోగం సైనిక అవసరంగా మారింది. ఫిరంగి గుండు ఎక్కడ పడిందో పైనుండి చూసి, గురి సరిచేయమని కిందికి చెప్పడం విమానాల ముఖ్యమైన పని అయింది.

ఇందుకు బ్రిటిషువారు వాడిన స్టెర్లింగ్ ట్రాన్స్‌మిటరు విద్యుత్ మెరుపుతో తరంగాలు పుట్టించేది. దానికి ఏరియల్‌గా కొసకు సీసపు గుండు కట్టిన పొడవైన రాగి తీగను విమానం తోకకు వెనుకగా వేలాడదీసేవారు. తీగ పొడవు 100 అడుగులకు పైమాటే. దిగే ముందు దానిని చుట్టుకోవడం మరచిపోతే చెట్లకో ఇళ్ళకో తగులుకొనేది. శత్రువు వెంటబడినప్పుడు తీగను కోసి వదిలేయవలసి వచ్చేది. అప్పుడు వార్త పంపే వీలు కూడా దానితోనే పోయేది.

విమానం పంపగలదు గాని వినలేదు. ఇంజను రొద, అదురు, తెరచి ఉన్న కాక్‌పిట్‌లో గాలి హోరు వలన ఆ కాలపు స్ఫటిక గ్రాహకాలలో వచ్చే సన్నని ధ్వని చెవికి అందేది కాదు. అందువలన నేలమీది వారు తెల్లని గుడ్డ పట్టీలను నిర్ణీత ఆకారాలలో పరచి జవాబు చెప్పేవారు. ఒకవైపు మోర్సు సంకేతాలు, మరొకవైపు గుడ్డ పట్టీలు. ఈ పద్ధతి ఆ తరువాత చాలాకాలం భారతదేశపు వాయవ్య సరిహద్దులో కూడా కొనసాగింది.

ఎలక్ట్రాన్ వాల్వు ఈ పరిస్థితిని మార్చింది. ఫ్లెమింగ్ 1904లోను, లీ డి ఫారెస్ట్ 1906లోను చేసిన ఆవిష్కరణలు బలహీనమైన సంకేతాలను పెంచి వినడానికీ, మెరుపు లేకుండా నిలకడైన తరంగాలను పుట్టించడానికీ దారితీశాయి. 1915లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ వద్ద చార్లెస్ ప్రిన్స్ బృందం నేలకూ విమానానికీ మధ్య మాటను పంపే ప్రయోగాలు చేసింది. మైకు ఇంజను రొదను గాక మనిషి గొంతును మాత్రమే పట్టుకొనేలా చేయడమే వారికి అన్నిటికంటె కష్టమైన పని. పరికరాలకు కావలసిన విద్యుత్తును విమానం రెక్కకు బిగించిన చిన్న గాలిమర డైనమో ఇచ్చేది. విమానం ఎగిరినప్పుడే అది తిరుగుతుంది. నేల మీద బలవంతంగా దిగిన విమానానికి, సహాయం అత్యవసరమైన ఆ వేళలోనే, బ్యాటరీ తప్ప దిక్కు ఉండేది కాదు.

భారతదేశంలో

రేడియో యుద్ధ సాధనంగా ఈ తీరానికి పరిచయమైనది విమానం వలన కాదు, ఓడ వలన. 1914 సెప్టెంబరు 22న మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మను యుద్ధనౌక ఎమ్డెన్, బంగాళాఖాతంలోని ఓడల రేడియో సంభాషణలను ఆలకించి వాటి జాడ పట్టేది. అదే ఏడాది నవంబరు 9న కోకోస్ దీవులలోని వైర్‌లెస్ కేంద్రాన్ని నాశనం చేయబోగా ఆ కేంద్రం పంపిన హెచ్చరికతో ఆస్ట్రేలియా నౌక సిడ్నీ వచ్చి దానిని ఓడించింది. పంపిన ప్రతి సంకేతాన్నీ శత్రువు కూడా వినగలడన్న ఈ పాఠం తరువాతి కాలంలో విమానాల రేడియో వాడకాన్ని కూడా శాసించింది.

1932 అక్టోబరు 15న మొదలైన టాటా విమాన తపాలా కరాచీ నుండి అహ్మదాబాదు, బొంబాయి, బళ్ళారి మీదుగా మద్రాసు చేరేది. ఆ పుస్‌మాత్ విమానాలలో రేడియో లేదు, నేలమీద దారి చూపే ఏర్పాటు ఏదీ లేదు. అంతకు వారం ముందు, అక్టోబరు 8న, భారత వాయుసేన ఏర్పడింది. దాని మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో నాలుగు వాపిటి విమానాలతో ప్రారంభమయింది. వాపిటి రెండు రెక్కల జతలు, తెరచిన కాక్‌పిట్ గల పాతకాలపు విమానం. సరిహద్దు కొండలలో అవి గుడ్డ పట్టీల సంకేతాలను చదివేవి. స్తంభాల నడుమ కట్టిన తాడుకు తగిలించిన చీటీని కొక్కెంతో అందుకొని పోయేవి.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన తరువాత తీరాన్ని కాపలా కాయడానికి వాయుసేన వాలంటీరు రిజర్వుతో తీర రక్షణ దళాలను ఏర్పాటు చేశారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్‌లతో పాటు తరువాత విశాఖపట్నంలోను ఇటువంటి దళం ఉండేది. వీటికి దక్కినవి వాపిటి, ఆడాక్స్, హార్ట్ వంటి పాత విమానాలు, ప్రయాణికుల సంస్థల నుండి తీసుకొన్న విమానాలు. నాలుగు ఇంజన్ల అట్లాంటా విమానాలను 1941లో ఇలాగే తీసుకొని మద్రాసు నుండి సముద్రపు గస్తీకి పంపారు. తరువాత వాయుసేన ప్రధానాధికారి అయిన హైదరాబాదు వాస్తవ్యుడు ఇద్రీస్ హసన్ లతీఫ్ 1942లో అధికారిగా చేరి కరాచీలోని 2వ తీర రక్షణ దళంలో ఇటువంటి విమానాలతోనే జలాంతర్గాముల కోసం గాలించాడు. ఒంటి ఇంజను విమానంలో నేల కనబడనంత దూరం సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రావడం ఎంత సాహసమో నేటివారికి ఊహించడం కష్టం.

దిశ కనుగొనే పద్ధతి

రేడియోతో దిక్కు తెలుసుకొనే పద్ధతికి మూలం ఒక సాధారణ లక్షణం. తీగను వలయంగా చుట్టి ఏరియల్‌గా వాడితే, అంచు ప్రసార కేంద్రం వైపు ఉన్నప్పుడు ధ్వని బిగ్గరగాను, ముఖం కేంద్రం వైపు తిరిగినప్పుడు దాదాపు నిశ్శబ్దంగాను ఉంటుంది. వలయాన్ని తిప్పుతూ ధ్వని పూర్తిగా తగ్గే చోటును పట్టుకొంటే కేంద్రం ఏ గీత మీద ఉన్నదో తెలుస్తుంది. బిగ్గరగా వినబడే చోటుకంటె నిశ్శబ్దమయ్యే చోటును చెవి కచ్చితంగా గుర్తిస్తుంది కనుక దానినే వాడతారు. అయితే కేంద్రం ఆ గీతకు ముందున్నదా వెనుకనున్నదా అన్నది వలయం ఒక్కటే చెప్పలేదు. ఇందుకు నిటారుగా నిలిపిన మరొక ఏరియల్‌ను జోడించి సందేహం తీర్చుకొంటారు. రెండు కేంద్రాల నుండి గీతలు తీస్తే అవి కలిసే చోటే విమానం స్థానం.

ఇదే పనిని నేల మీదినుండి కూడా చేయవచ్చు. విమానం కొద్దిసేపు సంకేతం పంపితే నేలమీది కేంద్రం దాని దిశను కొలిచి తిరిగి మోర్సులో చెబుతుంది. విమానంలో బరువైన పరికరం అక్కరలేదు, కానీ విమానం నోరు విప్పాలి. శత్రువు వినే ప్రమాదం ఉన్నచోట ఇది పనికిరాదు.

ఈ పద్ధతులలోని దోషాలు మన తీరంలో గట్టిగా కనబడేవి. మొదటిది రాత్రి దోషం. పగలు నేలను అంటి వచ్చే మధ్యతరంగాలు నమ్మదగినవి. సూర్యాస్తమయం తరువాత పై వాతావరణపు పొరల నుండి పరావర్తనం చెందిన తరంగాలు వాటితో కలిసి, వలయంలో నిశ్శబ్దపు చోటు అటూ ఇటూ జారిపోతుంది. సంధ్యవేళల్లో ఇది మరీ ఎక్కువ. బ్రిటిషు అధికారి ఫ్రాంక్ అడ్‌కాక్ 1919లో రూపొందించిన నిటారు ఏరియళ్ళ అమరిక ఈ దోషాన్ని చాలావరకు తగ్గించింది. కానీ దానికి విశాలమైన స్థలం కావాలి కనుక అది నేలమీది కేంద్రాలకే పరిమితమైంది.

రెండవది తీర దోషం. రేడియో తరంగం నేలమీదకంటె ఉప్పునీటి మీద కొద్దిగా వేగంగా పోతుంది. తీరాన్ని దాటేచోట అందువలన కొంచెం వంగుతుంది. తీరాన్ని నిట్టనిలువుగా దాటితే వంపు లెక్కలోకి రాదు, ఏటవాలుగా దాటితే దోషం కొన్ని డిగ్రీల వరకు ఉండవచ్చు. ఒంగోలు నుండి మద్రాసు దాకా తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. బాపట్లకు ఎదుట సముద్రం మీద ఉన్న విమానం మద్రాసు కేంద్రం దిశను కొలిస్తే ఆ గీత తీరం వెంబడే పోయి, చాలా చిన్న కోణంలో నేలను తాకుతుంది. దోషం ఎక్కువగా ఉండే అమరిక ఇదే. పైగా ఈ దోషం వలన విమానం నిజంగా ఉన్నచోటుకంటె తీరానికి దగ్గరగా ఉన్నట్లు పటం మీద తేలుతుంది. ఇంధనం తగ్గుతున్న గస్తీ విమానానికి ఇంతకంటె ప్రమాదకరమైన పొరపాటు లేదు. అదే విమానం నేరుగా పడమటనున్న కేంద్రం దిశను కొలవగలిగితే ఈ చిక్కు ఉండదు. 

దూరం పెరిగినకొద్దీ చిన్న దోషమే పెద్దదవుతుంది. ఒక డిగ్రీ పొరపాటు 60 కిలోమీటర్ల దూరంలో సుమారు ఒక కిలోమీటరు. ఐదు డిగ్రీల దోషం 320 కిలోమీటర్ల దూరంలో 28 కిలోమీటర్లకు సమానం.

మూడవది ఉరుముల రొద. వేసవి చివర, వానాకాలంలో, మళ్ళీ ఈశాన్య రుతుపవనాల తుఫాను కాలంలో మెరుపుల వలన మధ్యతరంగాలలోను, హ్రస్వతరంగాల దిగువ భాగంలోను చటచట ధ్వని నిండిపోతుంది. ఐరోపా అవసరాలకు తయారైన పరికరాలలో దీనికి విరుగుడు తక్కువ. ఉప్పుగాలి, తేమ, వేడి కలిసి తీగల పూతలను పాడుచేసేవి. యుద్ధం మధ్యలో ఉష్ణమండలాల కోసం ప్రత్యేకమైన లక్క పూతలతో పరికరాలు తయారు చేయడానికి కారణం ఇదే.

1942 ఏప్రిల్

1942 ఏప్రిల్ 4న సింహళంలోని కొగ్గల నుండి బయలుదేరిన కెనడా వాయుసేన 413వ స్క్వాడ్రన్ కాటలీనా విమానం ద్వీపానికి ఆగ్నేయంగా 550 కిలోమీటర్లకు పైగా దూరంలో జపాను విమానవాహక నౌకాదళాన్ని చూసింది. దాని నాయకుడు లియొనార్డ్ బిర్చల్. గస్తీ పూర్తయినా, చంద్రోదయం దాకా ఆగితే ఖగోళ పరిశీలనతో తమ స్థానాన్ని కచ్చితంగా నిర్ణయించుకోవచ్చునని వారు అక్కడే ఉండిపోయారు. నౌకాదళం కంటబడింది అందువల్లనే. శత్రు నౌకల సంఖ్య, స్థానం, దిక్కు మోర్సులో పంపుతుండగానే జపాను విమానాలు కాల్చి కూల్చివేశాయి. నియమం ప్రకారం వార్తను మూడుసార్లు పంపాలి. చివరిసారి పూర్తికాకుండానే రేడియో దెబ్బతిన్నది. అయినా అందిన వార్తతో కొలంబో హెచ్చరిక పొందింది. మరునాడు దాడి జరిగేనాటికి రేవులోని ఓడలలో చాలా భాగం బయటికి పోయాయి. బిర్చల్ బందీగా చిక్కి 1945లో విడుదలయ్యాడు. సరైన స్థానం తెలియకుండా పంపిన వార్త వ్యర్థం, వార్త పంపలేనప్పుడు స్థానం తెలిసినా వ్యర్థం అన్నదానికి ఈ సంఘటనకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

అదే సమయంలో ఒజావా నాయకత్వాన మరొక జపాను దళం బంగాళాఖాతంలో ప్రవేశించింది. ఏప్రిల్ 6న ఆ దళంలోని ర్యూజో నౌక నుండి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. విశాఖకు సమర్థమైన ముందస్తు హెచ్చరిక అందలేదు. అడ్డుకొనే యుద్ధ విమానాలూ లేవు. కొద్దిరోజులలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగాయి. బాంబుల వలన జరిగిన నష్టంకంటె భయం ఎక్కువ పని చేసింది. విశాఖ, కాకినాడల నుండి జనం మూటాముల్లె సర్దుకొని లోపలి ఊళ్ళకు తరలిపోయారు. శత్రు నౌకాదళం వస్తున్నదన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి మద్రాసు ప్రభుత్వం సైతం కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించింది. సముద్రం మీద ఏమున్నదో చూసి, స్థానంతో సహా చెప్పగల విమానాలు చాలినన్ని లేనప్పుడు పుకారునూ వార్తనూ వేరుచేసే మార్గం ప్రభుత్వానికి కూడా లేకపోయింది.

జపాను విమానాలలో ఈ సాధనాల తీరు విచిత్రంగా ఉండేది. ప్రసిద్ధమైన జీరో విమానంలో మాట్లాడే రేడియో రొదతో నిండి పనికిమాలినదిగా ఉండేది. కొందరు బరువు తగ్గుతుందని దానిని తీసివేశారు. కానీ తమ నౌకకు తిరిగి చేరడానికి అమెరికా నమూనాను అనుసరించిన వలయ ఏరియల్ దిశాసూచి అందులో బాగా పనిచేసేది.

యుద్ధకాలపు పరికరాలు

యుద్ధం మొదట్లో బ్రిటిషు యుద్ధ విమానాలలో ఉన్నది టి.ఆర్.9 అనే హ్రస్వతరంగ రేడియో. దానితో నేలకు 50, 60 కిలోమీటర్లకు మించి మాట అందడం కష్టం. దానిలోని ఒక గడియారపు అమరిక నిమిషానికి ఒకసారి 14 సెకండ్లపాటు తనంతట తాను సంకేతం పంపేది. నేలమీది కేంద్రాలు దానిని పట్టుకొని విమానం స్థానాన్ని గుర్తించేవి. ఆ సెకండ్లలో చోదకుడు మాట్లాడలేడు, ఎంత ప్రమాదంలో ఉన్నా సరే. టి.ఆర్.1133, దాని తరువాత టి.ఆర్.1143 రేడియోలు వి.హెచ్.ఎఫ్. తరంగాలకు మారడంతో మాట స్పష్టమైంది, ఉరుముల రొద దాదాపు పోయింది. ఈ తరంగాలు నేల వంపును దాటి పోలేవు కనుక దూరం విమానపు ఎత్తును బట్టి ఉంటుంది. 300 మీటర్ల ఎత్తున సుమారు 70 కిలోమీటర్లు, 3,000 మీటర్ల ఎత్తున సుమారు 225 కిలోమీటర్లు. గుంటూరు మైదానం వంటి చదును నేల దీనికి అనుకూలం. నల్లమల లోయలలో తక్కువ ఎత్తున ఎగిరే విమానానికి కొండలు అడ్డుపడతాయి.

బాంబరు, గస్తీ విమానాలలో ప్రత్యేకంగా వైర్‌లెస్ ఆపరేటరు ఉండేవాడు. మార్కొనీ కంపెనీ రూపొందించిన టి.1154 ట్రాన్స్‌మిటరు, ఆర్.1155 రిసీవరు జంట వెల్లింగ్టన్, లాంకాస్టర్ వంటి విమానాలలో విరివిగా వాడబడింది. తరంగ శ్రేణులను చీకటిలోనూ తికమక పడకుండా గుర్తించడానికి టి.1154 మీద నీలం, ఎరుపు, పసుపు రంగుల మీటలు ఉండేవి. ఆర్.1155 వార్తలు వినడంతో పాటు వలయ ఏరియల్‌తో దిశను కూడా చూపేది. చెవితో నిశ్శబ్దాన్ని వెదకడానికి బదులు రెండు ముల్లులు ఒకదాన్నొకటి దాటే చోటును చూసి చోదకుడు దారి పట్టుకోవచ్చు. వార్తకు ఒకటి, దారికి ఒకటి అన్న తేడా ఈ పెట్టెలో చెరిగిపోయింది.

సముద్రపు గస్తీలో నిజమైన మార్పు తెచ్చినది ఎ.ఎస్.వి. అనే విమాన రాడారు. దాని రెండవ నమూనా సుమారు 1.7 మీటర్ల తరంగాలను వాడేది. విమానం ముక్కుకూ రెక్కలకూ ముళ్ళ దువ్వెనల్లాంటి ఏరియళ్ళు ఉండేవి. ఓడల నుండే కాక తీరరేఖ నుండి కూడా ప్రతిధ్వని వచ్చేది కనుక చీకటిలో తీరం ఎంత దూరంలో ఉన్నదో దీనితో తెలిసేది. తీర దోషం వంటి చిక్కులకు ఇది మందు. కాటలీనా, వెల్లింగ్టన్, లిబరేటర్ విమానాలు దీనిని బంగాళాఖాతంలో వాడాయి. 36వ స్క్వాడ్రన్ 1942 చివర తంజావూరులో వెల్లింగ్టన్ విమానాలతో తిరిగి ఏర్పడి తూర్పు తీరపు గస్తీలో పాల్గొన్నది. రాడారులో కనబడిన విమానం మనదో శత్రువుదో తెలుసుకోవడానికి ఐ.ఎఫ్.ఎఫ్. అనే జవాబు పరికరం వచ్చింది. నేల రాడారు ప్రశ్నించగానే అది తనంతట తాను గుర్తింపు సంకేతం ఇస్తుంది. దానిని పెట్టుకోవడం మరచిన మిత్ర విమానాన్ని శత్రువుగా భావించడం ఆ రోజులలో కొత్త కాదు.

ఐరోపాలో పేరుపొందిన లోరెంజ్ కిరణం, జీ వంటి పద్ధతులను ఇక్కడ విపులంగా చెప్పవలసిన అవసరం లేదు. మొదటిది చుక్కలు, గీతలు కలిసిపోయే సన్నని దారి వెంట విమానాన్ని దించే పద్ధతి. రెండవది నేల కేంద్రాల సంకేతాల రాకలోని కాల వ్యత్యాసంతో స్థానం తెలిపేది.

దొనకొండ

ప్రకాశం ప్రాంతంలో సైనిక విమానయానానికి మిగిలిన ప్రధానమైన ఆనవాలు దొనకొండ విమానాశ్రయం. ఇది రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువారు వాడినది. విమానాలు ఇంధనం నింపుకోవడానికీ, అవసరమైతే దిగడానికీ ఉపయోగపడింది. అప్పటి మీటరు గేజి రైలుమార్గంలో దొనకొండ పెద్ద స్టేషను, ఇంజన్ల షెడ్డు ఉన్న ఊరు. పెట్రోలు, సామగ్రి రైలులో తేవడానికి అనువైనది.

పటం చూస్తే ఈ ఎంపికకు మరొక కారణం కూడా తోస్తుంది. దొనకొండ హైదరాబాదుకు సుమారు 210, మద్రాసుకు సుమారు 320 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఆ రెండు నగరాలను కలిపే సరళరేఖకు 40 కిలోమీటర్ల లోపే తూర్పున ఉండడం వలన, దాని మీదుగా పోతే పెరిగే దూరం పది కిలోమీటర్లు కూడా కాదు. చీరాల తీరం నుండి లోపలికి సుమారు 90 కిలోమీటర్లు. సముద్రపు దాడికి అంత సులువుగా అందదు, సముద్రం మీద గస్తీ తిరిగే విమానానికి మరీ దూరమూ కాదు. నల్లరేగడి మైదానం ముగిసి నేల మెరకలుగా మారే చోటు కూడా ఇదే దిక్కున ఉన్నది. గుంటూరు నుండి వచ్చే రైలుమార్గాన్ని పట్టుకొంటే పగటిపూట దొనకొండ చేరడానికి ఏ రేడియో అక్కరలేదు. రాత్రివేళ మాత్రం పై చిక్కులన్నీ ఎదురవుతాయి.

యుద్ధానంతరం

యుద్ధం ముగిశాక కూడా చీకటిలో విమానం జాడ పట్టడం తేలిక కాలేదు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు లాంకాస్ట్రియన్ విమానాలలో కరాచీ నుండి నిజాము రాజ్యానికి రాత్రివేళల్లో ఆయుధాలు చేరవేశాడు. బీదరు, వరంగల్లు వంటి చోట్ల ఆ విమానాలు దిగాయి. వాటిని చీకటిలో వెదకి పట్టే రాడారు గల యుద్ధ విమానాలు నాటి భారత వాయుసేనకు లేవు. సెప్టెంబరులో సైనిక చర్యతో ఆ రవాణా ఆగింది.

దిగుమతి చేసుకొన్న పరికరాల మీద ఆధారపడడం తగ్గించడానికి జరిగిన ప్రయత్నాలలో హైదరాబాదుకు ముఖ్య స్థానం ఉన్నది. రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాశాల అక్కడ 1961లో ఏర్పడింది. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ 1965లో బాలానగర్‌లో నెలకొల్పిన విభాగం విమాన రేడియోలను, మార్గదర్శక పరికరాలను, ఐ.ఎఫ్.ఎఫ్. పరికరాలను తయారుచేస్తూ వచ్చింది.

గుంటూరు, ప్రకాశం తీరంలో బాపట్ల దగ్గరి సూర్యలంకలో వాయుసేన క్షిపణి ప్రయోగ కేంద్రం ఏర్పడింది. కొరిశపాడు మండలంలో 16వ నెంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో అత్యవసర విమాన దారిని నిర్మించారు. దాని మీద వాయుసేన 2022 డిసెంబరు 29న, 2024 మార్చి 18న సుఖోయ్, ఆంటొనోవ్ తదితర విమానాలతో పరీక్షలు జరిపింది. వాపిటి కాలంలో చోదకులు గుర్తుగా పెట్టుకొన్న ఒంగోలు, చీరాల రైలుమార్గానికి ఇది కొద్ది దూరంలోనే ఉన్నది.